జోడీలో ఒకరు గాయపడితే రెండో మనిషి గతి ఏమిటి? బ్యాడ్మింటన్ పాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జాతీయ, రాష్ట్ర బ్యాడ్మింటన్ పాలకులకు, క్రీడా శాఖల అధికారులకు,

నమస్కారం.

డబుల్స్ క్రీడాకారుల ఇబ్బందుల మీద కొందరు మాజీ ఆటగాళ్లం, కోచ్‌లం, తల్లిదండ్రులం కలిసి రాసిన వినతిపత్రం మీకు చేరింది. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. గుర్తుచేస్తూ రాసిన ఉత్తరానికీ జవాబు రాలేదు. ఈలోగా మా పిల్లల్లో కొందరు ఆట మానేశారు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. ఇన్నేళ్లలో దేశంలో కోర్టులు పెరిగాయి, టోర్నీలు పెరిగాయి, అందులో మీ కృషి ఉంది. నేను మాట్లాడబోయేది ఆ పెరుగుదలలో వాటా దక్కనివారి గురించి.

ముందు కొన్ని వాస్తవాలు. ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో ఉన్న పతకాంశాలు ఐదు. వాటిలో మూడు డబుల్సే: పురుషులది, మహిళలది, మిక్స్‌డ్. 1996 అట్లాంటా నుంచి ఇదే లెక్క. దేశాల మిశ్రమ జట్లు తలపడే సుదీర్మన్ కప్‌లో ఐదు మ్యాచ్‌లకు మూడు డబుల్స్. పురుషుల జట్ల థామస్ కప్, మహిళల జట్ల ఉబర్ కప్‌లలో ఐదుకు రెండు. అంటే మొత్తం మీద ఈ ఆటలో డబుల్స్ సగానికి తక్కువేమీ కాదు. ఏ జిల్లా అకాడమీకైనా వెళ్లి, అక్కడి కోర్టుల్లో, కోచ్‌ల సమయంలో, ఖర్చులో డబుల్స్‌కు సగం దక్కుతోందా అని అడిగి చూడండి.

పతకాల సంగతి మీకు తెలియనిది కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడాది లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వాళ్లే కాంస్యం తెచ్చారు. 1983లో ప్రకాశ్ పదుకొణె గెలిచిన తర్వాత ఆ వేదిక మీద భారత్‌కు దక్కిన తొలి పతకం అదే, అదీ ఒక డబుల్స్ జోడీ ద్వారా. 2022 మేలో బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3-0తో ఓడించి థామస్ కప్ ఎత్తినప్పుడు, సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టి మొదటి గేమ్ పోగొట్టుకుని, రెండో గేమ్‌లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 18-21, 23-21, 21-19తో గెలిచారు. ఆ ఒక్క మ్యాచ్ చేజారి ఉంటే ఫైనల్ ఎటు తిరిగేదో ఆ రోజు చూసినవారికి తెలుసు. 2023లో అదే జోడీ ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిచింది, ఇండోనేషియా ఓపెన్ గెలిచింది, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో దేశానికి తొలి స్వర్ణం తెచ్చింది, అక్టోబరులో ప్రపంచ నంబర్ 1 అయింది. సాత్విక్‌ది అమలాపురం. మన కోనసీమ బిడ్డ ఆ స్థానానికి చేరాడని సన్మానాలు చేశాము, ఫ్లెక్సీలు కట్టాము. సంతోషమే. అయితే ఆ ఊళ్లోగాని, మరే ఊళ్లోగాని రాకెట్ పట్టిన ఇంకో పిల్లవాడు డబుల్స్‌నే వృత్తిగా ఎంచుకుంటానంటే, అతని తల్లిదండ్రులకు ధైర్యం చెప్పగలిగే మాట మా దగ్గర ఒక్కటీ లేదు. ఎందుకో వరుసగా చెబుతాను.

1. డబుల్స్‌ను మన వ్యవస్థ ఎంచుకోవడం లేదు, మిగిలినవారికి అంటగడుతోంది.

అండర్-13, అండర్-15 వయసుల్లో పిల్లలు రెండూ ఆడతారు. సాధన మాత్రం సింగిల్స్‌కే. పదహారు, పదిహేడేళ్లు వచ్చి సింగిల్స్‌లో ముందుకు వెళ్లడం లేదని తేలాక, 'నువ్వు డబుల్స్ చూసుకో' అంటారు. ఆ మాట ఆ పిల్లకు ఓడిపోయావన్నట్టే వినిపిస్తుంది. ఆటపరంగా చూసినా ఇది పెద్ద నష్టం. డబుల్స్ పాయింటు చాలాసార్లు సర్వీసు, దాన్ని అందుకునే దెబ్బ, మూడో దెబ్బ, వీటితోనే తేలిపోతుంది. రాకెట్ తగిలే క్షణంలో షటిల్ నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తు దాటకుండా కొట్టి, నెట్ అంచును రాసుకుంటూ వెళ్లే షార్ట్ సర్వీసు చేతికి అలవడాలంటే ఏళ్లు పడుతుంది. ఛాతీ ఎత్తున దూసుకొచ్చే డ్రైవ్‌ను వెనక్కి తగ్గకుండా కొట్టడం, పార్ట్‌నర్ ముందుకు కదిలిన క్షణంలో తాను వెనక ఖాళీని కప్పడం, ఇవన్నీ చిన్నప్పుడే ఒంటికి పట్టాలి. పదిహేడేళ్లకు మొదలుపెట్టినవారు, పదకొండేళ్లకే మొదలుపెట్టిన ఇండోనేషియా, కొరియా, చైనా పిల్లలతో తలపడుతున్నారు. వాళ్లు ఓడితే మనం ప్రతిభ లేదంటున్నాము.

2. జోడీ ప్రయాణాన్ని ఇద్దరిలో పేద ఇల్లు నిర్ణయిస్తోంది.

సింగిల్స్ ఆడే పిల్లకు తన ఇంటి స్తోమత ఒక్కటే అడ్డు. డబుల్స్‌లో రెండు ఇళ్లు కలిసి మోయాలి. ఒకరి తండ్రి విమానం టికెట్టు కొనగలడు, రెండోవారి తండ్రి అప్పు చేసినా కొనలేడు. అప్పుడు ఇద్దరూ ఆగిపోతారు, లేదా స్తోమత ఉన్నవారు తమలాంటి ఇంకొకరిని వెతుక్కుంటారు. రెండోది జరిగినప్పుడు ఎవరినీ తప్పుపట్టలేము. షటిళ్ల డబ్బాలు, రాకెట్‌కు తీగలు బిగించే గట్టింగ్, బూట్లు, ఎంట్రీ ఫీజు, ఫిజియో, బస, వీటిలో దేన్నీ సింగిల్స్ ఆడేవారికన్నా డబుల్స్ వారు తక్కువగా కట్టరు. పైగా ఇద్దరూ వేర్వేరు ఊళ్లవారైతే కలిసి సాధన చేయడానికే ఒకరు ఇల్లు వదిలి వచ్చి అద్దె గదిలో ఉండాలి. సాత్విక్‌ది అమలాపురం, చిరాగ్‌ది ముంబై. ట్రీసా జాలీది కేరళ, గాయత్రి గోపీచంద్‌ది హైదరాబాద్. మంచి జోడీ ఒకే ఊళ్లో దొరకడం అరుదు. జాతీయ శిబిరం దాకా చేరినవారికి ఈ చిక్కు తీరుతుంది. చేరే దారిలో ఉన్నవారికి ఎవరు తీరుస్తున్నారు? నేను శిక్షణ ఇచ్చిన జోడీల్లో చక్కగా కుదిరిన ఒకటి సరిగ్గా ఇక్కడే విడిపోయింది. ఇద్దరు అమ్మాయిల్లో ఒకరికి ఆటకన్నా ఇంటి కిస్తీలు ముందు వచ్చాయి. రెండో అమ్మాయి కొన్నాళ్లు కొత్త పార్ట్‌నర్ కోసం చూసి, డిగ్రీలో చేరిపోయింది.

3. ఒకరి మోకాలు దెబ్బతింటే రెండు జీవితాలు ఆగిపోతున్నాయి.

ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త విస్తరంగా చెబుతాను. డబుల్స్‌లో ప్రపంచ ర్యాంకు మనిషిది కాదు, జోడీది. గడిచిన 52 వారాల్లో ఆ ఇద్దరూ కలిసి ఆడిన టోర్నీల్లో మెరుగైన పది ఫలితాలను కలిపి ఆ ర్యాంకు వస్తుంది. పార్ట్‌నర్ ఆడలేకపోతే పాత పాయింట్లు వారం వారం రాలిపోతుంటాయి, కొత్తవి రావు. వేరేవారితో కలిస్తే ర్యాంకింగ్ పట్టికలో ఆ కొత్త జోడీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. తన ఒంట్లో ఏ లోపమూ లేని క్రీడాకారిణి, తాను చేయని పొరపాటుకు, తనకు తగలని గాయానికి ఏడాది పోగొట్టుకుంటుంది.

ప్రపంచ నంబర్ 1 జోడీకే ఇది తప్పలేదు. పారిస్ ఒలింపిక్స్ తర్వాత సాత్విక్‌కు భుజం గాయం, 2025 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ టోర్నీలో చిరాగ్ నడుము నొప్పితో మ్యాచ్ మధ్యలోనే వైదొలగడం, ఆ తర్వాత సుదీర్మన్ కప్‌కు దూరం కావడం. చూస్తుండగానే వాళ్లు మొదటి పది జోడీల్లో కూడా లేకుండా పోయారు. కోలుకుని అదే ఏడాది ఆగస్టులో పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మళ్లీ కాంస్యం గెలిచారంటే, అది వాళ్ల పట్టుదలతో పాటు వెనక ఉన్న వైద్యం, ఫిజియోలు, నెలనెలా అందే భత్యం వల్లే. ఒలింపిక్ పతకావకాశం ఉన్నవారికి కేంద్రం నడిపే టార్గెట్ ఒలింపిక్ పోడియం పథకం ప్రధాన జాబితాలో ఉన్నవారికి నెలకు 50,000 రూపాయల భత్యం ఉంది. ఉండవలసిందే. ఆ జాబితాకు చేరేవారు పిడికెడు మంది. దానికి కింద ఉన్న జోడీలో ఒకరికి లిగమెంటు తెగితే, గాయపడినవారికి ఎవరైనా ఒక ఫోను చేసి పరామర్శిస్తారు. రెండోవారిని ఆ మాత్రం కూడా ఎవరూ అడగరు. ఆ రెండో మనిషి రోజూ కోర్టుకు వచ్చి, ఎవరైనా ఖాళీగా ఉంటే వారితో నాలుగు దెబ్బలు కొట్టి వెళ్లిపోతుంటాడు. కొన్నాళ్లకు రావడం మానేస్తాడు. మీ రికార్డుల్లో అతను గాయపడినవాడు కాదు, రిటైరైనవాడూ కాదు. అసలు కనిపించడు.

ఇలా జరగకుండా చూడవచ్చనడానికి ఇండోనేషియా ఉంది. గ్రేసియా పొలీ 2014 ఆసియా క్రీడల స్వర్ణాన్ని నిత్యా కృషిందా మహేశ్వరితో కలిసి గెలిచింది. ఆ తర్వాత నిత్యా గాయంతో ఆటకు దూరమైంది. గ్రేసియాకు అప్పటికి ముప్పై దగ్గరపడుతోంది. అక్కడి వ్యవస్థ ఆమెను వదిలేయలేదు. 1998లో పుట్టిన అప్రియానీ రహయూను పక్కన నిలబెట్టింది. 2021 ఆగస్టులో టోక్యోలో ఆ ఇద్దరూ మహిళల డబుల్స్ ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. అనుభవం ఉన్నవారి పక్కన కొత్తవారిని పెడితే ఇద్దరికీ ఆట మిగులుతుంది. దీనికి కోట్లు అక్కర్లేదు. ఎవరు ఖాళీగా ఉన్నారో, ఎవరికి ఎవరు సరిపోతారో చూసే బాధ్యత ఒకరికి అప్పగిస్తే చాలు.

4. గెలిచినా మనిషికి వచ్చేది దాదాపు సగమే.

2023 ఆల్ ఇంగ్లండ్ మొత్తం బహుమతి 12,50,000 డాలర్లు. సింగిల్స్ విజేతకు 87,500 డాలర్లు. డబుల్స్ విజేత జోడీకి 92,500 డాలర్లు, అంటే మనిషికి 46,250. ప్రపంచంలో అన్నిటికన్నా పాత టోర్నీలోనే పంపకం ఇలా ఉంది. అది ప్రపంచ సమాఖ్య నిర్ణయమని, మీ చేతుల్లో లేదని అనవచ్చు. అక్కడ మనకు ఓటు ఉంది, మాట్లాడే హక్కు ఉంది. అది అలా ఉంచండి, దేశంలో మనం జరిపే టోర్నీల్లో బహుమతి పంపకం పూర్తిగా మన చేతుల్లోనే ఉంది కదా. అక్కడా జోడీకి ఒక మొత్తం ప్రకటించి పంచుకోమంటున్నారు. విమానం టికెట్టు, భోజనం ఇద్దరికీ సగం ధరకు దొరకవు.

5. కోచ్‌లు వచ్చి వెళ్తున్నారు, వాళ్ల విద్య ఇక్కడ నిలవడం లేదు.

సాత్విక్, చిరాగ్‌లను కలిపింది మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్. అప్పటికి ఇద్దరూ వెనక కోర్టు నుంచి బలంగా కొట్టేవారే, జోడీగా నప్పరని అనుకున్నవారే ఎక్కువ. ఆయన చూపు సరైనదని తేలింది. 2019లో ఆయన వెళ్లిపోయారు. ఇండోనేషియా నుంచి ఫ్లాండీ లింపెలె వచ్చి మరుసటి ఏడాదే వెళ్లారు. ఆ తర్వాత డెన్మార్క్‌కు చెందిన మథియాస్ బో వచ్చారు, పారిస్ ఒలింపిక్స్ అయ్యాక తప్పుకున్నారు. వాళ్లను ఆక్షేపించడం లేదు, వాళ్లు చేసిన మేలు పెద్దది. ఒక్కో కోచ్ వెళ్లినప్పుడల్లా సాధన పద్ధతి మొత్తం ఆయనతోనే వెళ్లిపోతోంది, అదీ నా బాధ. ఆ ప్రతి ఒక్కరి పక్కన ఇద్దరు మన మాజీ డబుల్స్ ఆటగాళ్లను సహాయకులుగా ఉంచి ఉంటే, ఈపాటికి జిల్లాల్లో కూడా ఆ విద్య దొరికేది.

6. ఆట ముగిశాక దారి లేదు.

నిజానికి డబుల్స్‌లో వయసు అంత త్వరగా శత్రువు కాదు. ఇండోనేషియాకు చెందిన హెంద్రా సెతియవాన్ 2019లో, 35 ఏళ్ల వయసులో, మొహమ్మద్ అహ్‌సాన్‌తో కలిసి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మన అశ్విని పొన్నప్ప 2012 లండన్‌లో జ్వాలతో, 2016 రియోలో మళ్లీ జ్వాలతో, 2024 పారిస్‌లో తనకన్నా ఎంతో చిన్నదైన తనీషా క్రాస్టోతో ఒలింపిక్స్ ఆడింది. ఆట వారిని నిలబెడుతుంది, ఆదాయం నిలబెట్టదు. మన దగ్గర మామూలు డబుల్స్ ఆటగాడు పాతికేళ్లకే ఉద్యోగం కోసం ఆట వదులుతున్నాడు. క్రీడా కోటా ఉద్యోగం దొరికినవారికి ఇంకో చిక్కు: ఇద్దరికీ వేర్వేరు సంస్థల్లో ఉద్యోగాలు. ఒకరికి టోర్నీకి సెలవు దొరికిన వారం రెండోవారికి దొరకదు. జోడీ కాగితం మీదే మిగులుతుంది.

ఇంకో సంగతి. 2012 లండన్‌లో జ్వాల, అశ్విని గ్రూపులో మూడు మ్యాచ్‌లకు రెండు గెలిచి కూడా పాయింట్ల తేడాతో ఇంటికి వచ్చారు. టోక్యోలో సాత్విక్, చిరాగ్‌లు కూడా మూడింటికి రెండు గెలిచారు. వాళ్లు ఓడించినవారిలో తైవాన్‌కు చెందిన లీ యాంగ్, వాంగ్ చి-లిన్ జోడీ ఉంది. ఆ తైవాన్ జోడీ స్వర్ణం గెలిచింది, మనవాళ్లు గేముల తేడాతో క్వార్టర్స్‌కే వెళ్లలేదు. ప్రతి గేమూ, ప్రతి పాయింటూ లెక్కకు వచ్చే చోట, సీడింగ్ (బలమైన జోడీలు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే స్థానం) తెచ్చే ర్యాంకు ఎంత విలువైనదో, ఆ ర్యాంకు కోసం ఏడాదంతా తిరగడానికి జోడీకి ఎంత అండ కావాలో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మేము కోరుతున్నవి ఇవి:

1. అండర్-15 నుంచే ప్రతి రాష్ట్రంలో డబుల్స్‌కు ప్రత్యేక శిక్షణ బృందం ఉండాలి. ప్రభుత్వ డబ్బుతో నడిచే ప్రతి అకాడమీలో డబుల్స్‌కు కోర్టు, కోచ్, సమయం ఇంత అని రాసి గోడ మీద పెట్టాలి.

2. ర్యాంకు సాధించిన జోడీలో ఒకరు వైద్యుల ధ్రువపత్రంతో ఆటకు దూరమైతే, రెండోవారికి కనీసం ఒక సీజన్ పాటు భత్యం, శిబిరంలో చోటు, ఎంపిక పోటీల్లో అవకాశం కొనసాగాలి. ఇదొక్కటి చేసినా ఎన్నో ఆటలు బతుకుతాయి.

3. పార్ట్‌నర్‌ను కోల్పోయిన క్రీడాకారుల జాబితా ఒకటి జాతీయ స్థాయిలో బహిరంగంగా ఉండాలి. కొత్త జోడీలను కలిపే పనికి ఒక డబుల్స్ కోచ్‌ను బాధ్యుడిని చేయాలి. శిబిరంలో జోడీలను విడదీసినా, మార్చినా కారణం ఆ ఇద్దరికీ రాతపూర్వకంగా చెప్పాలి. ఇప్పుడు చాలామందికి ఆ సంగతి ఎంట్రీల జాబితా చూశాకే తెలుస్తోంది.

4. ప్రయాణ సాయం మనిషికి కాకుండా జోడీకి ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరి ఇంటికి స్తోమత ఉందని రెండోవారి దరఖాస్తును పక్కన పెట్టకూడదు. వేర్వేరు ఊళ్లవారు కలిసి సాధన చేయడానికి బస ఏర్పాటు చేయాలి.

5. దేశంలో జరిగే ర్యాంకింగ్ టోర్నీల్లో డబుల్స్ బహుమతి మనిషికి సింగిల్స్‌తో సమానంగా ఉండాలి. ఒక్కసారిగా కుదరకపోతే ఏ ఏడాదికి ఎంత పెంచుతారో ప్రకటించండి. ప్రపంచ సమాఖ్య సమావేశాల్లో ఇదే మాట మన దేశం తరఫున ఎత్తండి.

6. విదేశీ డబుల్స్ కోచ్‌తో చేసుకునే ప్రతి ఒప్పందంలో ఇద్దరు భారతీయ మాజీ డబుల్స్ ఆటగాళ్లకు శిక్షణ ఇవ్వడం ఒక షరతుగా ఉండాలి. జిల్లా కోచ్ పోస్టుల్లో కొన్నిటిని డబుల్స్ ఆడినవారికి కేటాయించాలి.

7. క్రీడా కోటాలో చేరిన జోడీలకు టోర్నీ సెలవులు ఒకే తేదీల్లో దొరికేలా ఆయా సంస్థలతో మాట్లాడి ఉత్తర్వులు తీసుకురావాలి.

వీటిలో రెండోది, మూడోది, ఏడోది చేయడానికి పెద్దగా ఖర్చు లేదు. ఒక సమావేశం, ఒక తీర్మానం, ఒక ఉత్తర్వు చాలు. నిధులు లేవన్న జవాబు ఈ మూడింటికి వర్తించదు.

పిల్లలకు డబుల్స్ నేర్పడం నేను మానలేదు, మానను. ప్రతి కొత్త సీజన్‌కు ముందు ఎవరో ఒక తల్లి వచ్చి, 'సార్, సింగిల్స్ కాకుండా ఇదే ఆడితే మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?' అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నేను కాదు, మీరు.

రాబోయే సీజన్ ఎంపిక పోటీల ప్రకటన వెలువడేలోపు పై ఏడు కోరికల మీద ఒక్కోదానికి విడిగా, రాతపూర్వకంగా మీ నిర్ణయం తెలియజేయండి. చేయగలిగినది ఎప్పటిలోగా చేస్తారో, చేయలేనిది ఎందుకు చేయలేరో రాయండి. డబుల్స్ ఆడుతున్నవారిని, ఆడి మానేసినవారిని, వారి తల్లిదండ్రులను పిలిచి ఒక సమావేశం జరపండి. పిలిస్తే మేము మా ఖర్చులతోనే వస్తాము. జవాబు రాకపోతే ఇదే లేఖను డబుల్స్ క్రీడాకారుల, తల్లిదండ్రుల సంతకాలతో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖకు, రెండు తెలుగు రాష్ట్రాల ప్రజాప్రతినిధులకు పంపుతాము.

ఇట్లు,
డబుల్స్ ఆడి, ఇప్పుడు డబుల్స్ నేర్పుతున్న ఒక కోచ్,
తోటి క్రీడాకారుల, తల్లిదండ్రుల తరఫున